ఐదో ఇంటి బోరు నీళ్లు

అమ్మా,

నువ్వు పోయిన మూడేళ్లకి, నరసాపురంలో ఇల్లు కొంటున్నాను. మన కుటుంబంలో ఇదే మొదటి సొంతిల్లు.

అద్దె ఇల్లు చూడటానికి వెళ్తే నువ్వు గదులకంటే ముందు బోరు నీళ్లు దోసిట పట్టి తాగేదానివి. పక్కన నిలబడ్డ నాకు సిగ్గేసేది. ఇప్పుడు నేనూ అదే చేశాను. నాలుగిళ్లలో ఉప్పునీళ్లే.

"తాగడానికి టిన్నులు కొనుక్కుంటారు కదండీ, టైల్స్ చూడండి," అన్నాడు బ్రోకరు.

"టైల్స్‌తో పప్పు ఉడకదండి. ఇంకోటి చూపించండి," అన్నాను.

ఈ ఉదయం ఐదో ఇంట్లో నీళ్లు తియ్యగా తగిలాయి. కొంటానని చెప్పి, మళ్లీ దోసిలి పట్టాను.

"తాగారు కదండీ, ఇంకా అనుమానమా?" అన్నాడు.

"మా అమ్మ కూడా రుచి చూడాలండి," అని ఆ నీళ్లు గడప ముందు పోశాను.