నవ్వకూడని ఇరవై ఒక్క రోజులు

లుసాకా, ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు
ఆగస్టు 3

ఎలుకల వేపుడు తినే తిసౌకే వదినకి, నీ లెక్కన కోతిమాంసం తినే కసూబా రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. అక్కడ ఎలుకలు క్షేమంగా లేవని తెలుసు.

ఫోను చేస్తే నన్ను మాట్లాడనివ్వవు. అందుకే ఈ ఉత్తరం చిపాటా బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. రెండేళ్ళ కిందట కేన్సరని నా ఎడమ రొమ్ము తీసేశారు కదా. అక్కడ ఉండచుట్టి పెట్టుకునే గుడ్డ మొన్న చర్చిలో పాట ఊపుకి జారి, పాస్టరుగారి కాళ్ళ దగ్గర పడింది. ఆయన దాన్ని తీసి, మొహం తుడుచుకుని, భద్రంగా నాకే ఇచ్చాడు. ఆ క్షణానే అనుకున్నాను, కొత్త రొమ్ము కట్టించుకోవాల్సిందేనని.

నా చర్మం సంగతి నీకు తెలుసు. మెడ దగ్గర పట్టుకుని జానెడు సాగదీసి, కండక్టర్లను భయపెట్టి బస్సులో సీటు సంపాదించిన చర్మం. పుట్టుకతో వచ్చిన జబ్బు. ఎంత సాగుతుందో అంత తేలిగ్గా చిరుగుతుంది. కుట్టు వేస్తే తడి కాగితానికి వేసినట్టే. పోయినసారి గాయం మూసుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఇద్దరు డాక్టర్లు మావల్ల కాదన్నారు. ఈ ముదెండా డాక్టరమ్మ మాత్రం నా పొట్ట కొవ్వు తీసి రొమ్ము చేస్తానంది. లోపల వరుసలు వరుసలుగా కుట్లు. అంటించే పట్టీ ఒక్కటి వెయ్యరు, పీకితే చర్మం కూడా దాని వెంటే వస్తుంది. అందరికీ పదిరోజుల్లో తీసే కుట్లు నాకు ఇరవై ఒక్క రోజులు ఉంచాలట. నిలిస్తే రొమ్ము, తెగితే మళ్ళీ పుండు.

ఎల్లుండే ఆపరేషను. ఆ తర్వాత ఇరవై ఒక్క రోజులు నేను నవ్వకూడదట, కుట్లు తెగుతాయట. కాబట్టి నాకు వేళాకోళం రాయకు. మా బెంబా తెగవాళ్ళకీ మీ ఎన్గోనీ తెగవాళ్ళకీ తాతల యుద్ధం ముగిసిననాటి నుంచీ వెక్కిరింతే చుట్టరికం. అది మానమని అడగడం నాకూ సిగ్గే.

నీ కసూబా

తా.క.: నా పొట్ట చాలకపోతే చిపాటాలో మా వదిన దగ్గర ముగ్గురికి సరిపడా ఉందని డాక్టరమ్మకి చెప్పాను.

---

చిపాటా, ఆగస్టు 9

పూజ్యురాలు కసూబా అక్కగారి పాదాలకు, తిసౌకే మోకరిల్లి చేయు విన్నపాలు.

తమరి ఉత్తరం అందింది. ఆజ్ఞ ప్రకారం వేళాకోళం మానేశాను. నా మాటతీరు చూసి మా ఆయన బెంగపెట్టుకున్నాడు. బెంబావాళ్ళు తెలివైనవాళ్ళనీ, చూడడానికి కూడా బాగుంటారనీ మనవి చేసుకుంటున్నాను. ఈ వాక్యం రాయడానికి రెండు రోజులు పట్టింది.

లుసాకాలో ఉన్న మావాళ్ళందరికీ కబురు పెట్టాను. తమరిని చూడడానికి వస్తారు. ఒక్కరూ నోరు జారరు.

తమరి వినయవిధేయురాలు,
తిసౌకే

తా.క.: తమరి పొట్ట కొవ్వు గురించి ఒక మాట తోచింది. మింగేశాను. ఇంకా గొంతులోనే ఉంది.

---

లుసాకా, ఆగస్టు 17

తిసౌకేకి,

ఏం చేశావే నువ్వు?

మీవాళ్ళు ఏడుగురు వచ్చారు. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, మోకాళ్ళమీద కూర్చుని, పెద్దవాళ్ళకి చేసినట్టు మెల్లగా చప్పట్లు కొట్టి దండం పెట్టారు. మీ జేరె తాత ఎలాంటివాడు? మా నాన్న శవం పక్కన పడుకుని “జరుగు, నాకూ చోటివ్వు” అని అందరినీ నవ్వించినవాడు. ఆ మనిషి నా మంచం దగ్గర తల వంచుకుని “అమ్మా, ఎలా ఉన్నారు?” అన్నాడు. చావు దగ్గర కూడా అల్లరి చేసేవాళ్ళు ఇంత మర్యాద చేశారంటే నాకేం వచ్చిందనుకోవాలి?

వార్డంతా చూసింది. పక్క మంచం ఆవిడ తన నారింజలన్నీ నా బల్లమీద పెట్టి మొహం తిప్పుకుంది. చర్చి ఆడవాళ్ళు వచ్చి నెమ్మదైన పాటలే పాడారు. మా తమ్ముడు నల్లకోటు వేసుకుని కసామా నుంచి దిగాడు, ఎందుకు వేసుకున్నావంటే చలి అన్నాడు. డాక్టరమ్మ బాగానే ఉందంటుంది గానీ నాకు నమ్మకం లేదు. కట్టు మార్చేటప్పుడు కళ్ళు మూసుకుంటున్నాను. ఆవిడ నీకేం చెప్పింది? కుట్లు తెగాయా? నిజం రాయి.

కసూబా

తా.క.: నారింజలు తినేశాను. పోయేటప్పుడు ఎందుకు వదలాలి?

---

చిపాటా, ఆగస్టు 21

కసూబాకి,

నాకెవరూ ఏమీ చెప్పలేదు. నవ్వించొద్దని నువ్వే రాశావు, మేం నవ్వించలేదు. అంతే.

కానీ నీ ఉత్తరం మూడుసార్లు వెతికాను. ఒక్క తిట్టు లేదు. ముప్పై ఏళ్ళలో ఇలా ఎప్పుడూ రాయలేదు నువ్వు. ఏదో దాస్తున్నావు. మీ ఇంట్లో చెడు జరిగితే వంట చెయ్యాల్సింది వెక్కిరింత చుట్టాలమైన మేమే కాబట్టి పెద్ద గిన్నెలు తోమించి పెట్టాను. జవాబు రాగానే బయల్దేరతాం.

తిసౌకే

తా.క.: ఎంతమందికి వండాలో అడగడానికి నోరు రావడం లేదు. సుమారుగా రాయి.

---

లుసాకా, ఆగస్టు 26

ఎలుకల పాలిట యమదూత తిసౌకే వదినకి, బతికి బట్టకట్టిన కసూబా రాయునది.

బయల్దేరకు. గిన్నెలు అటకెక్కించు.

ఇవాళ పొద్దున కుట్లు తీశారు. డాక్టరమ్మ ఒక్కటి తీసి ఆగుతుంది, మరొకటి తీస్తుంది. కళ్ళు మూసుకునే ముప్పైనాలుగు లెక్కపెట్టాను. ఆఖరిది తీశాక కూడా ఊపిరి బిగబట్టే ఉన్నాను. “ఇక ఊపిరి తీసుకో తల్లీ, నిలిచింది” అంది. అప్పుడు కళ్ళు తెరిచాను. కాస్త వంకరగా ఉంది. కుడిది నేలను చూస్తుంది, కొత్తది కిటికీలోంచి ఎవరినో చూస్తోంది. నాదే. నా ఒంటిమీద అతుక్కుని ఉంది.

మా తమ్ముడు బయట నుంచే అడిగాడు, మా అక్క ఇక నవ్వచ్చా అని. డాక్టరమ్మ విస్తుపోయి, “ఎవరు వద్దన్నారు?” అంది.

ఎవరూ అనలేదు వదినా. అది నేను పుట్టించిన మాట. కుట్లు తెగి మళ్ళీ ఆ పుండుతో పడి ఉంటే, నీ వెక్కిరింత చదివి నవ్వలేనేమోనని భయమేసింది. భయమేసిందని నీకు రాయడం కన్నా అబద్ధం రాయడం తేలికైంది. తీరా మీవాళ్ళ మర్యాద చూసి, ఆ అబద్ధం నాదేనన్న సంగతి నాకే గుర్తు రాలేదు. ఊరందరినీ ఆడించినదాన్ని, నా మాటకి నేనే హడలి చచ్చాను.

ఇప్పుడు తిట్టు. మూడు వారాలవీ కలిపి ఒకే ఉత్తరంలో రాయి.

నీ నోటి కోసం మొహంవాచిన
కసూబా

తా.క.: ఇది పొట్ట కొవ్వుతో చేసింది కాబట్టి నేను లావెక్కితే ఇదీ లావెక్కుతుందట. ఈ మధ్యాహ్నం నుంచి మొక్కజొన్నపిండి ఎన్‌షిమా రెండు ముద్దలు ఎక్కువ తింటున్నాను. మా పాస్టరుగారు ఇక మొహం తుడుచుకోవడానికి సొంత రుమాలు తెచ్చుకోవాలి.