గోగోకిచ్చిన జవాబు

27 ఏప్రిల్ 1994, బుధవారం
ఇసిపింగో, దక్షిణాఫ్రికా

ఈ దేశంలో అన్ని రంగులవాళ్లకూ ఓటు దొరికిన మొదటి ఎన్నిక ఇది, ఓటు వేసి వచ్చాను. పొద్దుటినుంచీ స్కూలు మైదానంలో వరుసలోనే ఉన్నాం. నా వెనక ఒక జూలూ ముసలావిడ నిలబడింది. వాళ్లు అవ్వను పిలిచినట్టే నేనూ గోగో అన్నాను. ఫ్లాస్కులో టీ ఇద్దరం పంచుకున్నాం.

"ఓటు వేశాక ఏం చేస్తావు గోగో?" అని అడిగాను.

"చదవడం నేర్చుకుంటాను. నువ్వు చదువుకున్నదానిలా ఉన్నావు. నేర్పుతావా, అమ్మా?"

"మా ఆయన్ని అడిగి చెబుతాను."

ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది. గోగో పళ్లులేని నోటితో నవ్వింది. "లోపల కాగితం మీద గీత పెట్టడానికి కూడా ఆయన్నే అడుగుతావా?" ముందున్నవాళ్లూ నవ్వారు. నేనూ నవ్వేశాను, ఏం చేయను.

హైస్కూలు పూర్తిచేసినప్పుడు టీచరునవుతాననుకున్నాను. ఆ తర్వాత పెళ్లి, పిల్లలు, వంటిల్లు. పిల్లలు ఎవరిళ్లకు వాళ్లు వెళ్లినప్పటినుంచీ దీపం పెట్టిన ప్రతిసారీ ఒకటే అడుగుతున్నాను: ఇంక నేనెందుకు పనికొస్తాను స్వామీ? ఇవాళ ఆ స్వామే గోగో నోట చెప్పించాడేమో. నేనేమో ఇంట్లో అడిగొస్తానన్నాను.

భోజనం దగ్గర మా ఆయనతో చెప్పాను. పప్పు కలుపుకుంటూ, "నేర్పు. దానికి నన్నడగడమెందుకు?" అన్నారు. అంతే. ఇన్నేళ్లలో ఇంకేమేం అడిగి ఉంటే సరేననేవారో.

గోగో ఉమ్లాజీలో ఉంటానంది. అంత పెద్ద ఊళ్లో ఎవరినని అడగను? అక్కడ ప్రతి ముసలావిడా గోగోనే. ఆవిడ పేరైనా కనుక్కోలేదు.