సత్యనారాయణపురానికి సాయంత్రపు చీకటి కోరుతూ

విజయవాడ,
తేది 12-12-1974.

విద్యుత్ సరఫరా డివిజనల్ ఇంజనీరు గారి సముఖమునకు, సత్యనారాయణపురం నివాసి, సహకార స్టోర్సు హెడ్ గుమాస్తా చల్లా పూర్ణచంద్రరావు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: గుణదలలో ప్రతి సాయంత్రం ఏడు మొదలు ఎనిమిదిన్నర వరకు అమలగుచున్న కరెంటు కోతను సత్యనారాయణపురానికి మార్పించుట, మా పేట ఉదయపు కోతను గుణదలకు ఇప్పించుట గురించి.

తమ కచేరీకి కరెంటు కావాలని అర్జీలు వచ్చుట వాడుక. వద్దని వచ్చుట ఇదే మొదలు కావచ్చును. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని తాము నవ్వినను నాకు అభ్యంతరం లేదు. నవ్విన పిమ్మట ఈ దిగువ అంశములను పరిశీలింప ప్రార్థన.

1. నేనును, రైల్వే పార్సిలు ఆఫీసులో పనిచేయు నా మిత్రుడు శ్రీ ఇశ్రాయేలు గారును కలిసి ఒక టెలిస్కోపు తయారుచేసి ఉన్నాము. చంద్రుని కొరకో, శని కొరకో కాదు. అవి వెలుతురులోనైనా కనిపించును. మేము వెతుకునవి చుక్కలకు ఆవల, చిక్కటి చీకటిలో మాత్రమే మసకగా తోచు నీహారికలు. అందులో ఉత్తరాభాద్రకు ఉత్తరంగా, చిటికెడు విభూతి రాలినట్లు ఉండునది ఒకటి కలదు. అది నీహారిక సైతం కాదట. మన పాలపుంత వంటి మరియొక పాలపుంతయట. దానిని చూడవలెనని మా ఇద్దరి కోరిక. అందులో ఒకరి కోరిక తీరినది. ఆ ఒకరు నేను కాను.

2. సదరు టెలిస్కోపు తయారీ విధానం తాము తెలిసికొనుట అవసరం. బందరులో పాత ఓడ కిటికీలకు ఉండిన గుండ్రని గాజు బిళ్ళలు చెరొకటి కొన్నాము. ఒక బిళ్ళను పీపా మీద బిగించి, రెండవది దానిపై ఉంచి, నడుమ గరుకు పొడి, నీళ్ళు పోసి, పీపా చుట్టూ తిరుగుచూ నెలల తరబడి రుద్దవలెను. అట్లు రుద్దగా పైనున్న బిళ్ళ గుంట పడును, కిందిది ఉబ్బును. గుంట పడినది టెలిస్కోపులో అద్దమగును. ఉబ్బినది ఎందుకూ కొరగాదు. ఎవరిది పైన పెట్టవలెనని చీట్లు వేయగా ఇశ్రాయేలు గారిది పైకి, నాది కిందికి వచ్చినవి. రుద్దినది మాత్రం ఇద్దరమూ, మా పెరట్లో, మా ఆవిడ ఇచ్చిన కాఫీలు త్రాగుచూ. నేడు ఆయన బిళ్ళ వెండిపూత పూయించుకొని ఎక్కడెక్కడి వెలుగో పోగుచేయుచున్నది. నా బిళ్ళ ఆవకాయ జాడీకి మూతగా ఉన్నది.

3. టెలిస్కోపు ఒకరి సొత్తు కారాదని, ఎవరి పెరడు ఎక్కువ చీకటిగా ఉండునో అక్కడ ఉండవలెనని మేము ఒప్పందం చేసుకొన్నాము. మొదట అది మా పెరట్లోనే ఉండినది. అంతలో మా ఎదుటి ఇంట శ్రీమతి బుల్లెమ్మ గారు పెళ్ళిళ్ళకు రంగుదీపాలు అద్దెకిచ్చు కొట్టు తెరిచినారు. బేరానికి వచ్చినవారికి వెలిగించి చూపవలెను గనుక, దీపాలు పెట్టిన వేళ నుండి కొట్టు కట్టేసే వరకు మా పెరడు ఒకసారి ఎర్రగా, ఒకసారి పచ్చగా ఉండును. నేను వెళ్ళి మొర పెట్టుకొనగా ఆమె, "మీ చుక్కలేం చుక్కలండీ గుమాస్తా గారూ, కళ్ళు చికిలించినా కనపడవు. నావి చూడండి, ఆరుతాయి, వెలుగుతాయి, పరిగెడతాయి కూడానూ" అన్నారు. పరిగెత్తుట వాస్తవమే.

4. కిందటి నెలలో తాము కోతలు పంచినారు. గుణదలకు సాయంత్రం, మాకు ఉదయం. ఉదయం పూట కరెంటు పోయినచో ఆకాశమునకు కలుగు లాభమేమియో తామే సెలవియ్యవలెను. ఒప్పందం ప్రకారం ఇశ్రాయేలు గారు రిక్షా తెచ్చి టెలిస్కోపును గుణదల తరలించుకొనిపోయినారు. గొట్టం రెండవ కొస పట్టి రిక్షా ఎక్కించినది నేనే.

5. అది మొదలు ఆయన రోజూ ఆఫీసుకు పోతూ మా గుమ్మంలో సైకిలు ఆపి చెప్పుట. "చూశానండీ పూర్ణచంద్రరావు గారూ! నడిమధ్యన దీపం పెట్టినట్టు, అటూ ఇటూ పొగలాగా సాగిపోయిందండి. పక్కనే ఇంకోటుందండోయ్, చంటిపిల్లలాగా. ఒక్కసారి రండి, మీ పేరులో పున్నమి ఉన్నా ఏం పర్లేదు, చీకటి చెడిపోదులెండి." ఆయన మనసులో కల్మషం లేదు. అదే నాకు మరింత బాధాకరం. కల్మషం ఉన్నయెడల తిట్టుకొనుటకు వీలుండెడిది. పని ఉన్నదని చెప్పి లోపలికి పోవుచున్నాను. నాకేమీ పని లేదు.

6. మొన్న ఆయన భార్య రూతమ్మ గారు పిలువగా నా ధర్మపత్ని రమాసుందరి గుణదల వెళ్ళి చూచి వచ్చినది. అన్నం వడ్డించునప్పుడు, నాకేమీ పట్టనట్టు, "ఏముందేమిటి అక్కడ?" అని అడిగినాను. "చెబితే తెలిసేది కాదు. వెళ్ళి చూడకూడదూ?" అన్నది. ఆ తరువాత పప్పులో ఉప్పు సరిపోయినదా అని అడిగినది. ఉన్నదో లేదో నాకు తెలియలేదు.

7. అయ్యా, ప్రభుత్వమునకు పోవు కాగితంలో వ్రాయదగిన మాట కాదు గాని, నాకు అసూయగా ఉన్నది. కడుపు మండిపోతున్నది. రెక్కలు పడిపోయేలా రుద్దిన అద్దంలో, నా ఇంటికి వచ్చినవారు, నా ఇంట్లోవారు అందరూ చూశారు. నేను చూడలేదు. చుట్టపుచూపుగా వెళ్ళి, వేరొకరి పెరట్లో వరుసలో నిలబడి చూడను. నా పెరట్లో నుండి చూస్తాను. అది ఇంకొక నెల దాటితే పడమటికి వాలిపోవును. తరువాత ఏడాది ఆగవలెను.

8. గుణదలకు ఈ మార్పు వలన నష్టం లేదు. ఎటులైనను ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్ళకు కొండంతా దీపాలే గనుక వారికి వెలుతురు అలవాటే.

9. మా వీధిలో పరీక్షలకు చదువుకొనువారు చాలామంది. సాయంత్రపు కోత నేనడిగి తెచ్చినదని తెలిసినచో నన్ను బ్రతకనియ్యరు. కావున ఇది రహస్యంగా ఉంచ ప్రార్థన.

దయగల తాము ఈ మొరను తీరిక చేసికొని చిత్తగించవలెను. రోజుకు గంటన్నర చీకటి దయచేయించినచో జీవితాంతం తమ మేలు మరువను.

వెలుతురు బాధితుడు,
తమ విధేయుడు,
చల్లా పూర్ణచంద్రరావు.

తా.క. ఇది తమ కచేరీ వరండాలో, వరుసలో నిలబడి, గోడకు ఆనించి వ్రాయుచున్నాను. అర్జీ ఇవ్వవచ్చిన నాకు సరిగ్గా ముందు నిలబడియున్నది ఇశ్రాయేలు గారే. చేతిలో కాగితం. నాది వెనక్కి దాచుకొని, మీరేమిటిక్కడ అన్నాను. "దాచేదేముందండీ, మా గుణదల కోత మీ పురానికి మార్చమని రాసుకొచ్చాను. మీరెలాగూ మా ఇంటికి రారు. కోతనే మీ ఇంటికి పంపిద్దామని. గొట్టం నేనే మోసుకొస్తాలెండి" అన్నారు. అంతటితో ఆగక, "మీ బిళ్ళ కింద ఉండబట్టే కదండీ నా బిళ్ళ గుంట పడింది. అందరూ చూసి, మీరు చూడకపోతే ఎట్టాగండీ?" అన్నారు.

అయ్యా, అప్పుడు కూడా నాకు ఒళ్ళు మండినది. మంచితనంలోనూ ఆయన బిళ్ళ పైన, నాది కింద. అసలు ఆలోచన నాది. కనుక వరుసలో వెనుక ఉన్నప్పటికీ నా అర్జీకే ముందు నంబరు వేయించ ప్రార్థన.

మరియొక మనవి. తమ ఉత్తర్వులు వచ్చువరకు ఆగలేక, ఈ సాయంత్రం ఆయన సైకిలు వెనుక కూర్చుని గుణదల వెళుతున్నాను. కనుక ఈ ఒక్క పూటకు, పై అంశములన్నిటినీ ప్రక్కకు పెట్టి, గుణదలలో ఏడు గంటలకు కరెంటు తప్పకుండా తీయించవలెను.