అవ్వ రెండో కన్ను

అన్నా, మనల్ని కన్న అవ్వకు శుక్లం తీసి కంట్లో ఏ లెన్స్ పెట్టాలో ఆమెను అడగకుండా నువ్వే తేల్చేశావు. అది తప్పు. చూపు సరిగ్గా ఆనడం లేదని ఆమె చెబితే ముసలి నస అని కొట్టిపారేశావు. అది ఇంకా పెద్ద తప్పు. ఫోన్‌లో చెబుతుంటే మధ్యలో పెట్టేస్తున్నావు కాబట్టి కాగితం మీద రాసి ఆటో సమ్మయ్య చేతికిచ్చి పంపుతున్నాను.

మొన్న ఊరికి వచ్చినప్పుడు అవ్వ వెంట మిర్చి షెడ్డుకు పోయాను. ఎర్ర కాయల్లోంచి తెల్లబోయిన తాలు కాయలు ఏరడమే కదా ఆమె పని. ఎటో చూస్తూ, ముచ్చట్లు చెబుతూనే ఏరే మనిషి. ఆ రోజు ఒక్కో కాయనూ ముఖం దగ్గరికి తెచ్చుకుంటోంది. పక్కన కూర్చున్న లచ్చమ్మత్త నవ్వింది.

"ఏందొదినే, కాయల వాసన చూస్తానవా?"

అవ్వ కూడా నవ్వింది. తర్వాత నా చెవిలో చెప్పింది: "షెడ్ల జర మసకుంటే ఎరుపు, తెలుపు కలిసిపోతానయ్ బిడ్డా. లైటు చుట్టు చక్రాలు కనవడ్తానయ్. అన్నకు చెప్పకు. మంచిదని ఏయించిండు, బాధపడ్తడు."

నిన్ను బాధపెట్టకూడదని ఆమె చూపు లేకుండా కూర్చోవాలా?

నేను డాక్టర్ని కాను. పదితో ఆపేసి, హనుమకొండలో కళ్లజోళ్ల షాపు లోపలి గదిలో అద్దాల అంచులు అరగదీసుకుంటున్నదాన్ని. కానీ అక్కడ చేరిన ఈ ఎనిమిది నెలల్లో, షాపులో కళ్లు పరీక్షించే సార్‌ను సతాయించి కొంత తెలుసుకున్నాను. మోటరు నీళ్లు ఒక్క మడికి విడిస్తే నిండుగా పారతాయి. రెండు మళ్లకు పంచితే రెండూ తడుస్తాయి గానీ ధార తగ్గుతుంది. అవ్వకు వేసింది అట్లా పంచే లెన్స్. వెలుగును దూరానికీ దగ్గరికీ పంచడానికి దాని మీద సన్నటి వలయాలు ఉంటాయట. ఆ చక్రాలు, ఆ మసక అందుకే కావచ్చు. చాలామందికి అది బాగానే కుదురుతుందని, కొందరికి నెలలు గడిస్తే అలవాటవుతుందని సారే చెప్పారు. లెన్స్‌ను నేను తిట్టడం లేదు. ఒక్క దూరానికే ఉండే మామూలు లెన్స్ వేసి, దగ్గరి పనికి కళ్లజోడు పెట్టుకుంటే ఆమెకు నయమేమో. కళ్లజోడు బరువని ఆమె ఎప్పుడైనా అన్నదా?

మొదటి కన్ను ఆపరేషన్‌కు ముందు దవాఖానలో నేనూ ఉన్నాను. "అమ్మ ఏం పని చేస్తరు?" అని డాక్టరు మేడం అడిగింది. ఆ ఒక్క ప్రశ్న మీదే అంతా ఆధారపడి ఉంది. నువ్వేమన్నావు?

"మా అవ్వ కూలికి పోవుడేంది మేడం, ఇంట్ల కూసోని తింటది. అద్దాల ఫికర్ లేకుండ పెద్ద రేటుదే ఎయ్యిండ్రి."

తల్లిని కూలికి పంపుతున్నాడని అనుకుంటారని నీకు సిగ్గు. నీ పరువు కోసం అబద్ధమాడావు, ఆ అబద్ధానికి తగ్గ లెన్సే వాళ్లు వేశారు. అవ్వ తల దించుకుంది. నేను నోరు మూసుకున్నాను. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

నా సంగతి నువ్వు అడగలేదు గానీ, బాగానే ఉన్నాను. రూములో ముగ్గురం. ఎండకు రేకులు కాలిపోతున్నాయి, మెస్సు కూరలో ఉప్పూ లేదు, కారమూ లేదు. వదినను కొంచెం మామిడి తొక్కు పచ్చడి పంపమను, ఈ కోపం ఆమె మీద కాదు. పెద్దమ్మకు దండాలు చెప్పు. ఎంత తిట్టినా పెద్దోడివి, నీ దీవెన నాకు కావాలి.

సోమవారం రెండో కన్ను ఆపరేషన్ అన్నావు. దానికి ముందే అవ్వను తీసుకుపోయి మొదటి కన్ను మళ్లీ చూపించు. ఏం పని చేస్తుందో, ఏం కనబడటం లేదో ఆమె నోటితోనే డాక్టరుకు చెప్పనివ్వు. నువ్వు బయట కూర్చో. ఎప్పుడు పోతున్నారో గురువారం సాయంత్రం ఆరు లోపు నాకు జవాబు రావాలి. రాకపోతే శుక్రవారం పని మానుకుని నేనే వస్తాను, అవ్వను నేనే తీసుకుపోతాను.

నీ చెల్లె,
రజిత