సింహం పళ్ళు పీకినందుకు

చెల్లెమ్మకి,

నీ క్షేమం అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. పశువుల డాక్టరువైతే అయ్యావు, నన్ను అడగకుండా నా కుక్క పళ్ళు పీకమని నీకెవరు చెప్పారు? సింహాన్ని నేను పంపింది కంటి కింద వాపుకి. చుక్కల మందు వేసినా తగ్గలేదు, చూడమన్నాను. నువ్వేమో మత్తిచ్చి దవడ పళ్ళు రెండు ఊడబెరికావు. పళ్ళు పగిలి, చీము కంటి కిందికి పాకిందట. మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

వాపు తగ్గిన మాట నిజమే. తిండీ తింటోంది. అంతమాత్రానికి నువ్వు గొప్పలు పోనక్కర్లేదు.

రాళ్ళు పట్టీపట్టీ పళ్ళు పగిలాయని మీ వదినతో అన్నావట. అవును, నేను విసిరిన రాయిని అది గాల్లోనే నోటితో అందుకునేది. వీధంతా నిలబడి చూసేది. ఇప్పుడు నేను రాయి తీస్తే మంచం కింద దూరుతోంది. పళ్ళతో పాటు పౌరుషమూ పీకేశావు. "మీ కోసం నొప్పి దిగమింగుకుని పట్టేదండీ" అంటుంది మీ వదిన. మీరిద్దరూ ఒకే తానులో ముక్కలు.

నిన్న కుట్లు చూపిద్దామని కారు తలుపు తీస్తే, నన్ను చూసి వెనక్కి జరిగింది. "అత్త దగ్గరికే" అని మీ వదిన అనగానే ఎక్కి కూర్చుంది. దింపేశాను. నీ గుమ్మం తొక్కను. నువ్వే రా. కోసింది నువ్వయితే, అది నన్ను చూసి ఎందుకు వణుకుతోందో వచ్చి చెప్పు.

ఇప్పటికైతే నీ అన్నయ్యనే