కల్పిత భాగం

వదినగారికి మీ మరదలు నమస్కరించి రాస్తున్నది.

మీ తమ్ముడి దగ్గరికి ట్యూషన్‌కు వచ్చే పిల్లలకు నేను మంచినీళ్లయినా ఇవ్వడం లేదనీ, నాకు టెక్కు ఎక్కువైందనీ రాశారు. టెక్కు కాదు వదినగారూ, ముందుగదిలోకి వెళ్లాలంటే కాళ్లు రావడం లేదు.

ఆయన సంకీర్ణ సంఖ్యలకు వర్గమూలం కనుక్కోవడం చెబుతున్నారు. ఆ సంఖ్యల్లో వాస్తవ భాగం, కల్పిత భాగం అని రెండుంటాయట. వాస్తవాన్ని వాస్తవంతో, కల్పితాన్ని కల్పితంతో సమానం చేసి లెక్క కట్టాలట. నేను నీళ్ల జగ్గుతో వెళ్లగానే, "ఈ ఇంటికి వాస్తవ భాగాన్ని నేను. కల్పిత భాగం ఇదిగో, నడిచొస్తోంది" అన్నారు. పిల్లలు పడీపడీ నవ్వారు. అప్పటినుంచి అందరికీ నేను కల్పితనే.

నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. ముద్దుగా పేరు పెట్టారనుకుని మురిసిపోయాను. లేనిదాన్ని ఉన్నట్టు అనుకోవడమే కల్పితమని ఒక ఆడపిల్ల జాలిపడి చెప్పింది. ఆయన్ని అడిగితే, "నవ్వడం కూడా చేతకాదా నీకు?" అన్నారు.

వర్గమూలానికి ఎప్పుడూ రెండు జవాబులొస్తాయట, గుర్తులు మాత్రం తిరగబడతాయట. "మా తమ్ముడు వెన్న" అని పెళ్లికి ముందు చెప్పారు మీరు. మీకు వచ్చిన జవాబు అది. నాకు రెండోది వచ్చింది.

ఆ పేరు మానమని మీరే చెప్పాలి. మీ మాటయితే వింటారు.

మీ ఉత్తరం కవరు మీద కూడా "కల్పితకు" అనే ఉంది. అర్థం తెలియక రాశారనుకుంటాను. తెలిసే రాసి ఉంటే దీనికి జవాబు రాయకండి. లేనిదానికి ఉత్తరమెందుకు?