నలభై రోజులు నన్నెవరూ ఏమీ అడగవద్దు

విడవలూరు మండలంలో సముద్రపు గట్టున కాపురముంటున్న చేవూరు జడ్సన్ అనే నేను, రిటైర్డ్ తెలుగు పండితుణ్ని, వయసు డెబ్బై నాలుగు, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా. నా బుద్ధి స్థిరంగానే ఉంది. అవసరానికి మించి ఉంది, అదే నా బాధ. ఇందులో ఎవరి బలవంతమూ లేదు. బలవంతం చేయడానికైనా ఇంట్లో మనిషి లేడు.

నలభై ఏళ్లు తాటాకు గ్రంథాలు చదివాను. మూడేళ్ల కిందట ఆఖరి కట్ట చదవడం ముగించి తాడు ముడి వేసిన పొద్దున విద్యల దేవుణ్నయిపోయాను. నేను కోరలేదు. అప్పట్నుంచి ఆకలి లేదు, చావు లేదు. జరిగినవన్నీ తెలుసు, జరగబోయేది తెలియదు. ఎవరేమడిగినా జవాబు చెప్పకుండా ఉండలేను. ఇది వదిలిపోవడానికి దారి ఒకటే. వరసగా నలభై రోజులు నన్నెవరూ ఏమీ అడగకూడదు. అప్పుడు మామూలు మనిషినై చనిపోతాను. నాకు కావలసింది అదే.

1. నా శరీరం. చర్చి సమాధుల దొడ్డిలో నా భార్య ఫేబీ పక్కన ఆరడుగుల చోటుంది. ఆమెను పూడ్చిన రోజే అడిగి ఉంచుకున్నాను. దేవుళ్లకు అక్కడ చోటు లేదని సంఘపెద్దలు అంటున్నారు. వాళ్లది తప్పు కాదు. మనిషిగా పోయిన జడ్సన్‌కు మాత్రం అడ్డు చెప్పవద్దని మనవి.

2. ఈ వీలునామా అమలు బాధ్యత సైకిల్ షాపు సైదావలిది. రేపట్నుంచి నా గేటుకు తాళం వేసి బయట కుర్చీలో కూర్చోవాలి. నా కాళ్ల దగ్గర హాల్ టికెట్లు పెట్టడానికి వచ్చే పిల్లల్ని కసురుకోకుండా పంపేయాలి.

3. ఊళ్లో ట్యూషన్ సెంటర్ నడిపే కిషోర్ బాబు నాకు నాలుగు చేతులు పెట్టి ఫ్లెక్సీ కొట్టించి గేటుకు కట్టాడు. నాకున్నవి రెండు, అందులో కుడిదానికి నొప్పి. ఇదేందయ్యా అంటే "దేవుడన్నాక ఆ మాత్రం ఉండాల సార్, లేకుంటే జనం నమ్మరు" అన్నాడు. ఆ ఫ్లెక్సీని కుప్పల మీద కప్పుకోమని ఉప్పు పండించేవాళ్లకు ఇస్తున్నాను. కిషోర్ బాబుకు ఏమీ లేదు. ఈ ముక్క గట్టిగా చదవాలి.

4. నా ఇంకు పెన్ను పదో తరగతి పరీక్ష రాసిన అబిగయీలుకు. ఫలితాలు రాకముందే వచ్చి పాసయ్యానా అని అడిగింది. తప్పావని చెప్పేశాను. వట్టి మాస్టారుగా ఉండుంటే ముందు కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చేవాణ్ని. ఆ పిల్ల మొహం నేను మరిచిపోలేదు. తల్లీ, మళ్లీ పరీక్షకు కట్టు.

5. నా కళ్లద్దాలు సైదావలి భార్య ఆమినాబీకి, సూదిలో దారం ఎక్కించుకోవడానికి. పోయిన నెల వాళ్లింట్లో మనవరాలు పుట్టింది. నాకు తెలిసే ఉంటుందని ఎవరూ వచ్చి చెప్పలేదు. తెలుసు. అయినా ఒకరు వచ్చి చెబితే వినడం వేరు. మూడేళ్లుగా నాకెవరూ ఏ కబురూ చెప్పడం లేదు. అందరూ అడుగుతారు, జవాబు తీసుకుని వెళ్లిపోతారు.

6. ఈ ఇల్లు, ఫేబీ కీర్తనల పుస్తకం, నా చెల్లెలు ఎలిశబెతుకు. జనం నా ముందు కర్పూరం వెలిగించిన రోజు ఆమె గేటు దగ్గరే నిలబడిపోయింది. "నాకు దేవుడు ఒక్కడే ఉండాడన్నా. ఇంక నీ గడప తొక్కను" అని వెళ్లిపోయింది. ఆరోజే కర్పూరం ఆర్పేయమని చెప్పాల్సింది. చెప్పలేదు. నలుగురూ దండం పెడుతుంటే నాకు బాగానే అనిపించింది. సిగ్గుతో రాస్తున్నాను.

7. రెండో అంశానికి ఒక మినహాయింపు. ఈ నలభై రోజుల్లో ఎలిశబెతు వస్తే తాళం తీయాలి. చెప్పులు విడవకముందే "అన్నం తిన్నావా అన్నా" అని అడగడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. ముప్పై తొమ్మిదో రోజైనా సరే, సైదావలి ఆమెను ఆపకూడదు. తినలేదని చెబుతాను. రోజులు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టండి.

తేదీ: 9 ఫిబ్రవరి 2025
(సంతకం) చేవూరు జడ్సన్

సాక్షులు, నన్నేమీ అడగకుండా సంతకం పెట్టినవారు:
1. హెన్రీ, సంఘపెద్ద
2. వెంకటశేషమ్మ, అంగన్‌వాడీ టీచర్